బూడిద ఊరి మీద, నిధులు పట్నం మీద

మిర్యాలగూడ చుట్టుపక్కల ఊళ్లలో డాబా మీద వడియాలు పెట్టుకునే ఆడవాళ్లు ముందు గాలి ఎటు నుంచి వీస్తోందో చూసుకుంటారు. మిల్లుల వైపు నుంచి వీస్తే సాయంత్రానికి వడియాల మీద నల్లటి పొర. ఆరేసిన బట్టలూ అంతే, మూత పెట్టని మంచినీళ్ల బిందె అయినా అంతే. 'బూడిద పడుతోంది' అని మనలో మనం అనుకుంటాం గానీ ఎవరి మీదా ఫిర్యాదు చేయం. ఎందుకు చేయమో రైతుకు విడమరిచి చెప్పనక్కర్లేదు. రేపు ఆ గేటు ముందే వడ్ల ట్రాక్టరు పెట్టుకుని నిలబడాల్సింది మనం. తేమ ఎక్కువుందనో, తాలు ఉందనో ధర కోస్తే అడిగే దిక్కు ఉండదు.

ఈ నెల మేము రాస్తున్నది ఆ గాలి గురించే. మద్దతు ధర, సాగర్ ఎడమ కాల్వ నీళ్లు, యూరియా కొరత ఇన్ని ఉండగా రైతు సంఘం పత్రికలో గాలి గొడవ ఏమిటని కొందరు సభ్యులు అడిగారు. మేమూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాం. గాలి కాలుష్యం అంటే ఢిల్లీ వాళ్ల దగ్గు అనుకున్నాం.

ముందు మన తప్పు చెప్పుకుందాం. యాసంగి కోతలు అయ్యాక ఏప్రిల్, మే నెలల్లో సూర్యాపేట నుంచి కోదాడ వైపు రాత్రిపూట హైవే మీద వస్తే రెండు పక్కలా పొలాలు మండుతూ కనబడతాయి. అందులో మా సంఘం సభ్యుల పొలాలూ ఉంటాయి, దాచడం దేనికి? మాలో ఒకరు కొయ్యలకు అగ్గి పెడితే గాలి తిరిగి పక్క రైతు డెలివరీ పైపు, స్టార్టరు డబ్బా కాలిపోయాయి. పెద్దమనుషుల్లో కూర్చుని నష్టం కట్టి వచ్చారు. కట్టిన డబ్బుతో ఆ మడులన్నీ దున్నించుకోవచ్చని తర్వాత లెక్క వేసుకుంటే తేలింది.

అయినా రైతు ఎందుకు కాలుస్తాడు? ఒకప్పుడు కొడవలి కోత. మొదలు దాకా కోసి, మోపు కట్టి, కల్లంలో కొట్టి, గడ్డి వాము వేసేవాళ్లం. బర్రెలు, ఎడ్లు ఉండేవి, గడ్డికి లెక్క ఉండేది. ఇప్పుడు హార్వెస్టరు పైనుంచి కోసుకుపోతుంది. కింద కొయ్యలు నిలబడి ఉంటాయి, నలిగిన గడ్డి వరసలుగా పడి ఉంటుంది. ఎడ్లు లేవు. బేలర్ పెట్టి కట్టలు కట్టించి అమ్ముదామంటే కొనేవాడు అన్ని ఊళ్లకూ రాడు, వచ్చినా ముందు పెద్ద కమతాలకే వస్తాడు. వానాకాలం కోత అయ్యాక యాసంగి నారుకు వ్యవధి తక్కువ. యాసంగి కోత అయ్యాక వ్యవధి ఉంటుంది, నేల కలియదున్నడానికి నీళ్లుండవు. వ్యవసాయ అధికారులు చెప్పే మాట మంచిదే: కొయ్యలు దమ్ములో కలిపి ఎకరాకు 50 కిలోల సూపర్ ఫాస్ఫేట్ చల్లితే మురిగి ఎరువవుతుంది. కానీ దానికి నీరు కావాలి, అదనంగా దున్నకం కావాలి, డీజిల్ కావాలి. అగ్గిపెట్టెకు రెండు రూపాయలు చాలు.

ఆ రెండు రూపాయల పనికి పోతున్నదెంత? టన్ను వరి గడ్డిలో అయిదున్నర కిలోల దాకా నత్రజని ఉంటుంది, కాలిస్తే అది దాదాపు అంతా ఆకాశం పాలు. ఎకరానికి రెండు టన్నుల గడ్డి అనుకున్నా పదకొండు కిలోల నత్రజని. అంటే అర బస్తాకు పైగా యూరియా. 2025 వానాకాలంలో యూరియా కోసం సొసైటీల ముందు చెప్పులు, పాసుపుస్తకాలు వరసలో పెట్టి నిలబడ్డాం. అదే నత్రజనిని అంతకు ముందు ఏప్రిల్‌లో మన చేత్తోనే తగలబెట్టుకున్నాం. పొగ మాత్రం పోకుండా ఊళ్లోనే ఉంటుంది. పొలాల అంచున గుడిసె ఉన్నవాళ్లకే, దమ్ము ఉన్న ముసలివాళ్లకే, చంటిపిల్లలకే అది మొదట తగులుతుంది.

ఇక మిల్లుల లెక్క. ఆసియాలోనే పెద్ద మిల్లుల కేంద్రమని మిర్యాలగూడను చెప్పుకుంటారు. మనకూ గర్వమే, మన వడ్లకు గిరాకీ అక్కడే. నూరు క్వింటాళ్ల వడ్లు ఆడితే ఇరవై క్వింటాళ్ల దాకా ఊక వస్తుంది. ఉప్పుడు బియ్యానికీ, వడ్లు ఆరబెట్టడానికీ కావలసిన ఆవిరి కోసం ఆ ఊకనే బాయిలర్‌లో కాలుస్తారు. ఇరవై క్వింటాళ్ల ఊకా కాలిస్తే మిగిలేది నాలుగు క్వింటాళ్ల బూడిద. దాంట్లో ఎక్కువ భాగం సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే, మరీ సన్నంగా. పొగగొట్టం దగ్గర పట్టే పరికరం సరిగ్గా పనిచేస్తే చాలావరకు అక్కడే ఆగుతుంది. పరికరం చెడినా, కరెంటు ఖర్చు మిగుల్చుకోవడానికి ఆపేసినా ఊరి మీద పడుతుంది. పట్టిన బూడిదైనా పట్టా కప్పని ట్రాక్టర్లలో పోయి వాగు ఒడ్డునో, రోడ్డు పక్క గుంతలోనో పడితే మళ్లీ గాలికే లేస్తుంది. ఆ బూడిదను ఎత్తి పోసే కూలీ ముఖానికి కట్టుకునేది తన తువ్వాలే.

దక్షిణాన కృష్ణ ఒడ్డు సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు. మఠంపల్లి, మేళ్లచెరువు, చింతలపాలెం, పాలకవీడు వైపు మిర్చి, పత్తి వేసే రైతును అడగండి, ఆకు మీద దుమ్ము సంగతి చెబుతాడు. దామరచర్ల మండలం వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రానికి 2015లో శంకుస్థాపన చేశారు, 2024 డిసెంబరులో ఒక యూనిట్‌ను ప్రారంభించారు. బొగ్గు బూడిద మొత్తం వినియోగంలోకి తేవాలని కేంద్రం 2021 డిసెంబర్ 31న నోటిఫికేషన్ ఇచ్చింది. కాగితం మీద అది గట్టిదే. అమలవుతున్నదా లేదా అని ఆ చుట్టూ ఊళ్ల వాళ్లు చూసే ఏర్పాటు మాత్రం అందులో లేదు.

ఇప్పుడు డబ్బు సంగతికి వద్దాం. గాలి బాగు చేయడానికి ప్రభుత్వం దగ్గర డబ్బు లేదనుకుంటే పొరపాటు. 2019 జనవరిలో కేంద్రం జాతీయ స్వచ్ఛ వాయు పథకం మొదలుపెట్టింది. గాలి చెడిన 131 నగరాలు, పట్టణాల జాబితా ఉంది. తెలంగాణ నుంచి హైదరాబాదు, పటాన్‌చెరు, సంగారెడ్డితో పాటు మన నల్లగొండ పేరూ అందులోకి ఎక్కింది. సూర్యాపేట లేదు, కోదాడ లేదు, మిర్యాలగూడ లేదు. పల్లెల మాట సరేసరి. ఆ పథకం పట్టణాల కోసం పుట్టింది, పల్లెలో గాలి చెడదని దాని నమ్మకం కాబోలు.

పేరున్న చోట డబ్బు ఎలా ఖర్చయింది? ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2024లో లెక్క తీసింది. 64 శాతం రోడ్డు దుమ్ముకే పోయింది: రోడ్లు వేయడం, గుంతలు పూడ్చడం, ఊడ్చే యంత్రాలు, నీళ్లు చల్లే బండ్లు. గడ్డీ గాదం కాల్చడాన్ని ఆపడానికి 14.51 శాతం. పరిశ్రమల కాలుష్యానికి 0.61 శాతం. నూరు రూపాయల్లో రూపాయి కూడా కాదు. మున్సిపాలిటీకి తెలిసిన పని రోడ్డు ఊడ్వడం, కాబట్టి డబ్బు చీపురులోకి పోయింది. బాయిలర్ దగ్గరికీ పొలం దగ్గరికీ రాలేదు. ఆ పథకం లక్ష్యాలకు 2025-26ను గడువుగా పెట్టుకున్నారు. దాని తర్వాత వచ్చేది ఎలా ఉండాలో అడగాల్సిన సమయం ఇదే.

కొయ్యల విషయంలోనూ అంతే. 2018లో కేంద్రం పంట వ్యర్థాల యంత్రాలకు సబ్సిడీ పథకం తెచ్చింది. రైతుకు విడిగా 50 శాతం, సంఘంగా అద్దె యంత్రాల కేంద్రం పెట్టుకుంటే 80 శాతం. ఎవరికి? పంజాబ్, హర్యానా, ఉత్తరప్రదేశ్, ఢిల్లీకి. ఆ రైతులకు ఇవ్వొద్దని మేము అనం, వాళ్లు మన అన్నదమ్ములే. కానీ అక్కడి పొగ ఢిల్లీ పెద్దల ముక్కులకు తగిలింది కనుక పథకం పుట్టింది. మన పొగ మన కూలోళ్ల ముక్కులకే తగులుతుంది.

మన జిల్లాలోనే ఉన్న సొమ్ము మరొకటి ఉంది, దాని గురించి మనలో చాలామందికి తెలియదు. గనుల చట్టానికి 2015లో చేసిన సవరణతో ప్రతి జిల్లాకూ ఖనిజ ఫౌండేషన్ ట్రస్టు వచ్చింది. గని యజమాని ప్రభుత్వానికి కట్టే రాయల్టీ మీద అదనంగా, పాత లీజులకు 30 శాతం, వేలంలో వచ్చిన కొత్త లీజులకు 10 శాతం ఈ ట్రస్టుకు కట్టాలి. సున్నపురాయికి 2014లో టన్నుకు 80 రూపాయల రాయల్టీ నిర్ణయించారు. ఆ లెక్కన పాత లీజు నుంచి లారీలో పోయే ప్రతి టన్ను రాయికీ 24 రూపాయలు గని ప్రభావిత ప్రజల పేరున జమ కావాలి. ఈ సొమ్ములో కనీసం 60 శాతం తాగునీరు, ఆరోగ్యం, చదువు, కాలుష్య నియంత్రణ లాంటి ముఖ్య అవసరాలకు ఖర్చు చేయాలని మొదటి మార్గదర్శకాల్లోనే రాశారు. కాలుష్య నియంత్రణ అనే మాట అందులో స్పష్టంగా ఉంది. మేము తిరిగిన ఊళ్లలో గ్రామసభ ముందుకు ఈ నిధి లెక్క వచ్చినట్టు ఒక్కరూ చెప్పలేదు. సీసీ రోడ్డు వేశారనో, కమ్యూనిటీ హాలు కట్టారనో అంటారు. రోడ్డు మంచిదే. రోడ్డు వేస్తే ఊపిరితిత్తుల్లో దుమ్ము పోదు కదా.

ఊరి చేతికి డబ్బిస్తే తినేస్తారని ఆఫీసుల్లో ఒక మాట వినబడుతుంది. ఈ మాటను మేము పూర్తిగా కొట్టిపారేయం. 1997లో చట్టం చేసి నీటి సంఘాలు పెట్టారు. ఎడమ కాల్వ కింద కొన్ని చోట్ల తూములు బాగుపడ్డాయి, పూడిక తీశారు. చాలా చోట్ల అధ్యక్షుడే కాంట్రాక్టరు అయి కూర్చున్నాడు. ఎక్కడ బాగుపడింది, ఎక్కడ చెడింది అని చూస్తే మాకు అర్థమైంది ఒకటే. పని బిల్లు ఆయకట్టు రైతుల ముందు చదివిన చోట పని జరిగింది, బిల్లు అధ్యక్షుడి ఇంట్లోనే ఉన్న చోట మట్టి కూడా కదలలేదు.

ఇదే ఊళ్లలో ఐకేపీ కేంద్రాల్లో మహిళా సంఘాలు వడ్లు కొంటున్నాయి. సీజనుకు ఎన్ని లారీలు, ఎన్ని కోట్ల సరుకు వాళ్ల చేతి మీదుగా పోతోందో మనం చూస్తూనే ఉన్నాం. తేమ మిషన్ పట్టుకుని, తూకం వేయించి, ట్రక్ షీట్ రాసి, రైతు ఖాతాలో డబ్బు పడే దాకా వెంటపడే ఆడవాళ్లకు ఒక గడ్డి చుట్టే మిషన్ అద్దె లెక్క రాయడం రాదా? తాలు పట్టే మిషన్ పక్కన రోజంతా దుమ్ము పీల్చేది కూడా వాళ్లూ, హమాలీలే. వాళ్లకు ఒక మంచి మాస్కు, ఆ మిషన్‌కు దుమ్ము పట్టే ఏర్పాటు ఏ పథకంలోనూ లేదు.

సూర్యాపేటకైతే సొంత చరిత్రే ఉంది. 2003 ప్రాంతంలో అక్కడ ఇంటింటి నుంచి తడి చెత్త, పొడి చెత్త వేరుగా తీసుకుని, వానపాముల ఎరువు చేసి, చెత్తకుండీలు లేని పట్టణమని పేరు తెచ్చుకున్నారు. వేరే రాష్ట్రాల వాళ్లు చూడ్డానికి వచ్చేవాళ్లు. పోగు వేసి తగలబెట్టని చెత్త కూడా గాలికి చేసిన మేలే. అదేమీ విదేశీ యంత్రంతో జరగలేదు, వీధి వీధినా మనుషులు కలిసి రావడంతో జరిగింది.

డబ్బు ఇచ్చినా సగం ఇస్తే ఏమవుతుందో దీపం పథకం చూపించింది. 1999లో మహిళా సంఘాల ద్వారా గ్యాస్ కనెక్షన్లు ఇచ్చారు, వెయ్యి రూపాయల డిపాజిట్ ప్రభుత్వమే కట్టింది. పొయ్యి పొగ నుంచి ఆడవాళ్ల కళ్లను కాపాడే పథకం, చాలా మంచిది. కానీ సిలిండరు అయిపోయాక రెండోది కొనడానికి కూలి ఇంట్లో డబ్బు లేదు. ఎన్ని ఇళ్లలో ఆ సిలిండరు మూలన కూర్చుందో, కట్టెల పొయ్యి మళ్లీ ఎలా రాజుకుందో మన ఇళ్లలోనే చూశాం. 2024లో రాష్ట్ర ప్రభుత్వం 500 రూపాయల సిలిండరు తెచ్చే దాకా ఆ లోటు ఎవరికీ పట్టలేదు. రేపు గడ్డి మిషన్ ఇచ్చినా ఇదే జరుగుతుంది. మిషన్‌కు సబ్సిడీ ఇచ్చి, డ్రైవరు జీతం, డీజిల్, రిపేరు, కట్టలు పెట్టుకునే షెడ్డు గాలికి వదిలేస్తే మూడో ఏడు అది పంచాయతీ ఆఫీసు వెనక తుప్పు పట్టి ఉంటుంది.

ఊరివాళ్లే ప్రణాళిక వేసుకోవడం మన ఊహ మాత్రమే కాదు. 2017లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం ఒక చట్టం చేసింది. గాలి బాగా చెడిన బీద ప్రాంతాలను ఎంచుకుని, అక్కడి నివాసులతో కమిటీ వేసి, గాలి కొలిచి, ఏ పనికి డబ్బు పెట్టాలో వాళ్లతో కలిసి నిర్ణయించడం దాని పద్ధతి. మొదట ఎంచుకున్న వాటిలో షాఫ్టర్ అనే వ్యవసాయ పట్టణం ఒకటి. తోటల్లో పనిచేసే కూలీల ఊరు. పురుగుమందు కొట్టే ముందు మాకు చెప్పాలని అక్కడి జనం పట్టుబట్టారు. ఆఫీసులో కూర్చున్నవాడి జాబితాలో ఆ సంగతి ఎప్పటికీ ఉండేది కాదు. మన దగ్గర కమిటీ వేస్తే బూడిద ట్రాక్టరుకు పట్టా కప్పాలనే మాట మొదటి రోజే వస్తుంది.

మేము అడుగుతున్నది పెద్ద కోరిక కాదు. సున్నపురాయి ఊళ్లలో ఖనిజ నిధి నుంచి కాలుష్య నియంత్రణ వాటాను విడదీసి, దేనికి ఖర్చు చేయాలో గ్రామసభకు వదలాలి. మిల్లులున్న ఊళ్లలో, పట్టణం వార్డుల్లో గాలి కొలిచే పరికరం పెట్టి, ఆ అంకెను పంచాయతీ బోర్డు మీద రాయాలి. సన్న దుమ్ము, అంటే పీఎం 2.5 ఏడాది సగటు ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశపు హద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే 5 అంటుంది. మన ఊరి అంకె ఎంతో తెలియకుండా ఎవరితో ఏం వాదిస్తాం? కొయ్యల యంత్రాలకు పంజాబ్‌కు ఇచ్చినట్టే 80 శాతం సబ్సిడీ మన మహిళా సంఘాలకు, సొసైటీలకు ఇవ్వాలి, నడిపే ఖర్చుకు కనీసం మూడేళ్లు తోడుండాలి. అద్దెకు ఇచ్చేటప్పుడు పాసుపుస్తకం అడగకూడదు. ఈ ఒక్క మాట మీద మేము తగ్గం. 2018లో రైతుబంధు వచ్చినప్పుడు కౌలు రైతు చేతికి రూపాయి రాలేదు. మా మండలాల్లో సాగు చేస్తున్నవాళ్లలో ఎంతమంది కౌలుదారులో మనకు తెలుసు. కౌలు కట్టి, పెట్టుబడి పెట్టి, చివరికి అగ్గిపుల్ల గీసేది కూడా అతనే. అతన్ని వదిలేసి పట్టాదారుకు మిషన్ ఇస్తే పొగ ఆగదు.

మన సంఘంలోనే ఒక అభ్యంతరం ఉంది. కొయ్యలు కాలుస్తున్నామని మనమే పత్రికలో రాసుకుంటే రేపు జరిమానా రసీదు మన ఇంటికే వస్తుందని. ఈ భయం ఊరికే పుట్టలేదు. 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ రెండెకరాల లోపు రైతుకు 2,500, అయిదెకరాల లోపు 5,000, ఆ పైన 15,000 రూపాయలని చెప్పింది. 2024 నవంబరులో ఢిల్లీ చుట్టుపక్కల దాన్ని రెట్టింపు చేశారు. యంత్రం ఇవ్వకుండా రసీదు రాయడాన్ని మేము ఒప్పుకోం, ఎక్కడైనా ఎదిరిస్తాం. కానీ నోరు మూసుకుని ఉంటే రసీదు రాదనుకోవడం భ్రమ. ఉపగ్రహం పైనుంచి మంటను చూస్తోంది. మిల్లు బాయిలర్‌లో ఏం జరుగుతోందో అది చూడదు. మనం మాట్లాడకపోతే ఈ ప్రాంతపు గాలి చెడడానికి కారణం రైతొక్కడే అని రాసి పెడతారు.

మిల్లులు మూయాలని గానీ, ఫ్యాక్టరీలు పోవాలని గానీ మేము అనడం లేదని మరోసారి చెబుతున్నాం. సన్న వడ్లు తీసుకుని ఎక్కడికి పోతాం? ఒక్కడు అడిగితే ట్రాక్టరు వెనక్కి వస్తుంది, గ్రామసభ తీర్మానం అడిగితే ఎవరి ట్రాక్టరని ఆపుతారు?

రెండేళ్ల దాకా సర్పంచులు లేక ఊళ్లు ప్రత్యేకాధికారుల కింద ఉన్నాయి. 2025 డిసెంబరు ఎన్నికలతో కొత్త పాలకవర్గాలు వచ్చాయి. రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలని 2018 పంచాయతీరాజ్ చట్టంలో ఉంది. గ్రామసభలో పెట్టాల్సిన తీర్మానం నమూనా ఒక పేజీలో రాసి మండల కమిటీలకు పంపుతున్నాం. ఖనిజ నిధి ఎంత వచ్చింది, ఎక్కడ ఖర్చయిందనే ప్రశ్న అందులో మొదటిది. ఆమోదించిన తీర్మానం కలెక్టరేట్‌లో ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడిగే దరఖాస్తు కూడా అదే కాగితం వెనక ఉంది. యాసంగి కోతలు మొదలయ్యే లోపు ఎన్ని ఊళ్లలో తీర్మానం అయిందో మండల కార్యదర్శులు మాకు రాసి పంపాలి. మహిళా సంఘం, హమాలీ సంఘం, కౌలు రైతులు సంతకం పెట్టని తీర్మానాన్ని మేము లెక్కలోకి తీసుకోం.